కారులో కిర్రు చప్పుడా? ముందు జాడ పట్టండి, తర్వాత పానా పట్టండి

పెద్దవంగర నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్‌లో కారులో వచ్చే చప్పుళ్ల గురించి చెప్పుకుందాం. బండి బాగానే స్టార్ట్ అవుతుంది, మైలేజీ ఇస్తుంది, ఏసీ చల్లగానే ఉంటుంది. కానీ స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చాలు, ఎక్కడో 'కిర్రు' మంటుంది. సర్వీసింగ్‌కు తీసుకపోతే ఆ రోజు రాదు, ఇంటికొచ్చే దారిలో మళ్లీ మొదలు. చాలా మంది నాకు ఫోన్ చేసి అడిగేది ఇదే. "అన్నా, చప్పుడొస్తుంది, ఏం మార్చాలె?" అని.

ఏం మార్చాలో ఇప్పుడే చెప్పను. ఆ ప్రశ్న ముందు అడిగితే డబ్బులు పోతాయి, చప్పుడు మాత్రం ఉంటుంది. ముందు అది ఎక్కడ పుడుతుందో పట్టుకోవాలి. దానికి ఒక పద్ధతి ఉంది, ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. చివరి దాకా వినండి, ఎందుకంటే మధ్యలో నాలుగు చప్పుళ్లు చెప్తాను, అవి చిరాకు పెట్టే చప్పుళ్లు కావు, ప్రాణం మీదికి తెచ్చే చప్పుళ్లు.

మన దిక్కు ఈ విషయం ఎందుకు ముఖ్యమో ముందు ఒక మాట. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మన పెద్దవంగర మండలమైంది, మహబూబాబాద్ జిల్లాలో కలిసింది. ఆఫీసు పనికి మానుకోట పోవాలి, బజారు పనికి తొర్రూరు పోవాలి, పెద్ద దవాఖాన అంటే వరంగల్ పోవాలి. ఊళ్లో ఉన్న కార్లలో చాలా వరకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. ఒకే రోజు ఆ బండి మట్టిరోడ్డు మీద పోతుంది, ఊరి సీసీ రోడ్డు మీద పోతుంది, తొర్రూరు కాడ వరంగల్–ఖమ్మం హైవే ఎక్కుతుంది. మూడు రోడ్ల మీద మూడు తీర్ల చప్పుడు. పైగా ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. రబ్బరు, ఇనుము, ప్లాస్టిక్ అన్నిటికీ ఇది పరీక్షే.

ఇప్పుడు అసలు చప్పుడు ఎట్లా పుడుతుందో చూద్దాం. కిర్రు చెప్పులు మీకు తెలుసు కదా. నడుస్తుంటే చప్పుడు రావాలనే ముచ్చటపడి కుట్టించుకునేవాళ్లు. తోలు మీద తోలు ఒరుసుకుంటుంది. ఒక క్షణం అతుక్కుంటుంది, బలం ఎక్కువైతే జారుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. సెకనుకు వందల సార్లు ఇట్లా జరిగితే మన చెవికి అది 'కిర్రు' అని వినపడుతుంది. తలుపు బందు చప్పుడైనా, కారులో రబ్బరు బుష్ చప్పుడైనా ఇదే లెక్క. మన పెద్దలు ఎడ్లబండి ఇరుసుకు కందెన ఎందుకు పెట్టేవాళ్లు? ఆ ఒరుసుడు తగ్గడానికే. అప్పట్లో ఆముదం కూడా కందెనగా వాడేవాళ్లు. ఒక ముచ్చట చెప్తా. క్యాస్ట్రాల్ అనే ఆయిల్ పేరు మీరు డబ్బాల మీద చూసే ఉంటారు. 1909లో ఆ పేరు పెట్టింది ఆముదాన్ని బట్టే. ఇంగ్లీషులో ఆముదాన్ని క్యాస్టర్ ఆయిల్ అంటారు, అది కలిపిన ఆయిల్ కాబట్టి క్యాస్ట్రాల్.

సరే, కారు చప్పుళ్లను నేను మూడు రకాలు చేస్తాను. మొదటిది ఒరుసుకునే చప్పుడు: కిర్రు, కీచు. రెండోది కొట్టుకునే చప్పుడు: టకటక, లొడలొడ, గలగల. మూడోది తిరిగే చప్పుడు: ఊఁ అని, గరగర అని, స్పీడ్‌తో పాటు పెరిగేది. ఎందుకు ఇట్లా విడగొట్టాలంటే మందు వేరే కాబట్టి. ఒరుసుకుంటే మధ్యలో కందెన కావాలి, లేదా రెండిటినీ ఎడం చేయాలి. కొట్టుకుంటే బిగించాలి, అరిగిపోతే మార్చాలి. తిరిగే చప్పుడైతే బేరింగో, టైరో, జాయింటో చూడాలి. లొడలొడకు గ్రీజు పెడితే ఏం లాభం? కిర్రుకు నట్టు బిగిస్తే ఏం లాభం?

మెకానిక్ దగ్గరికి పోయి "సౌండ్ వస్తుంది" అనకండి. మన తెలుగులో చప్పుడుకు ఇన్ని మాటలున్నాయి, వాడుకోండి. కిర్రు అనండి, కీచు అనండి, కటుక్కుమంది అనండి, గలగల అనండి. ఆ ఒక్క మాటతో మంచి మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.

ఇప్పుడు ఆ నాలుగు ప్రమాదం చప్పుళ్లు. ఇవి వినపడితే వీడియో ఆపి బండి చూపించుకోండి.

ఒకటి. మెల్లగా పోతూ స్టీరింగ్ తిప్పినప్పుడు, లేదా బ్రేక్ వేస్తూ గుంతలో దిగినప్పుడు ముందు చక్రం దగ్గర 'కటుక్' మనడం, 'కర్ర్' మనడం. అది బాల్ జాయింట్ కావచ్చు. చక్రాన్ని కింది ఆర్మ్‌కు పట్టి ఉంచే కీలు అది. మన భుజం కీలు లాగా గిన్నెలో గుండు తిరుగుతుంది. అది అరిగి ఊడిపోతే చక్రం పక్కకు పడిపోతుంది, స్టీరింగ్ తిప్పినా బండి మాట వినదు.

రెండు. బ్రేక్ తొక్కితే ఇనుము మీద ఇనుము గీసినట్టు 'గర్ర్' మనడం. ప్యాడ్ మీద మందు అయిపోయి, వెనక ఉన్న రేకు డిస్క్‌ను కోస్తుందని అర్థం. ఆలస్యం చేస్తే ప్యాడ్లతో పోయేది డిస్క్‌ల దాకా వస్తుంది. అంతకంటే ముఖ్యం, బండి ఆగాల్సిన చోట ఆగదు.

మూడు. హైవే మీద 'ఊఁ...' అని స్పీడ్‌తో పెరిగి, స్టీరింగ్ కొంచెం కుడికో ఎడమకో తిప్పగానే మారే చప్పుడు. వీల్ బేరింగ్ పోతుందని అనుమానించాలి. టైర్ చప్పుడు కూడా ఇట్లనే ఉంటుంది, కానీ అది రోడ్డు మారితే మారుతుంది. బేరింగ్ చప్పుడు ఏ రోడ్డు మీదైనా దాదాపు అదే.

నాలుగు. పంక్చర్ వేయించుకున్న తర్వాతో, టైర్ మార్చిన తర్వాతో చక్రం తిరుగుడుతో పాటు 'టక్... టక్... టక్' మని రావడం. వీల్ నట్లు వదులయ్యాయేమో అక్కడికక్కడే ఆపి చూడండి. ఇంటికి పోయి చూద్దాం అనుకోవద్దు.

ఈ నాలుగూ కావని తేలితే, అప్పుడు నిదానంగా వెతకవచ్చు. మొదటి పని: బండి ఖాళీ చేయండి. నవ్వకండి, నిజంగా చెప్తున్నా. డోర్ పాకెట్లలో వాటర్ బాటిళ్లు, డ్యాష్‌బోర్డు అరలో కళ్లద్దాల డబ్బా, సీటు కింద చిల్లర పైసలు, అద్దానికి వేలాడే పూసల దండ, డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ, డిక్కీలో పానాలు, జాకీ, అన్నీ తీయండి. స్టెప్నీ నట్టు గట్టిగా బిగించి ఉందో లేదో చూడండి. జాకీ తన చోట కాకుండా ఊరికే పడి ఉంటే డిక్కీ అంతా లొడలొడే. వెనక సీట్లో ఎవరూ కూర్చోకపోతే బెల్టు కొక్కెం ప్లాస్టిక్‌కు తగిలి టకటకమంటుంది, దాన్ని కట్టిపెట్టండి. వెనక నంబర్ ప్లేట్‌ను వేలితో కొట్టి చూడండి, రేకులాగా మోగితే వెనక చిన్న స్పాంజి ముక్క పెట్టండి. ఖాళీ బండితో అదే దారిలో ఒకసారి పోయి రండి. కొందరి చప్పుడు ఇక్కడే అయిపోతుంది.

రెండో పని: ఒక కాగితం తీసుకుని చప్పుడు ఎప్పుడెప్పుడు వస్తుందో రాయండి. పొద్దున చల్లని ఇంజన్‌తోనా, వేడెక్కాకనా? బండి నిలబడి ఉంటే వస్తుందా, నడిస్తేనే వస్తుందా? నిలబడి రేజ్ చేస్తే వస్తే అది ఇంజన్ వైపు, చక్రాల వైపు కాదు. గేర్ తీసి న్యూట్రల్‌లో పోనిస్తే ఆగుతుందా? క్లచ్ తొక్కితే మారుతుందా? బ్రేక్ మీద కాలు పెడితే ఆగుతుందా? కుడికి తిప్పితేనా, ఎడమకా? ఒక చక్రం గుంతలో పడితేనా, రెండూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితేనా? వాన పడ్డ రోజు తగ్గుతుందా? నలుగురు కూర్చుంటే ఎక్కువవుతుందా? ఒక్కో జవాబు ఒక్కో భాగాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. వాన రోజు ఆగిపోయి, ఎండిన తర్వాత మళ్లీ వస్తే బయట ఉన్న రబ్బరు బుష్ మీద అనుమానం పెట్టాలి. ఒక చక్రం పడితేనే వస్తే స్టెబిలైజర్ బార్ బుష్, లింక్ రాడ్ ముందు చూడాలి. ఎందుకంటే రెండు చక్రాలూ సమానంగా లేస్తే ఆ బార్ మెలి తిరగదు.

మూడో పని: ఇద్దరు కావాలి. ఒకరు నడపాలి, ఒకరు వినాలి. నడిపేవాళ్లకు దిక్కు సరిగ్గా తెలియదు, చప్పుడు అద్దాలకు తగిలి తిరుగుతుంది. వినేవాళ్లు వెనక సీట్లో ఒకసారి, ముందు సీట్లో ఒకసారి కూర్చోవాలి. అద్దాలు దించి ఒకసారి, ఎత్తి ఒకసారి. అద్దాలు దించితే గట్టిగా వినపడేది బయటిది. ఎత్తినా అట్లనే ఉంటే లోపలిది. డిక్కీలో మనిషిని కూర్చోబెట్టొద్దు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, తువ్వాలలో చుట్టి అక్కడ పెట్టండి, తర్వాత వినండి. పెద్ద వర్క్‌షాపుల్లో చిన్న మైకులు నాలుగు చక్రాల దగ్గర బిగించి, ఏ మైకులో గట్టిగా వస్తుందో చూస్తారు. మన ఫోన్ పని కూడా అదే.

బండి నిలబెట్టి కూడా పట్టొచ్చు. హ్యాండ్ బ్రేక్ వేసి, నాలుగు మూలలా ఒక్కోచోట బలంగా నొక్కి వదలండి. పక్కన ఇంకొకరు చక్రం దగ్గర చెవి పెట్టాలి. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతుంటే ఇంకొకరు వినాలి. తిప్పుతున్నప్పుడు స్ప్రింగ్ దగ్గర 'టంగ్' మంటే షాకబ్జర్ పైన ఉండే మౌంట్ బేరింగ్ పట్టేసిందని అనుమానం. ఆ సమయంలో స్ప్రింగ్ చుట్ల మధ్య వేళ్లు పెట్టొద్దు.

మన రైతుల ఇళ్లలో దొరికే పనిముట్టు ఒకటి చెప్తా. డ్రిప్ పైపు ముక్క, మామూలుగా వాడే 16 మిల్లీమీటర్లది, రెండు మూరలు. రంధ్రాలు లేని ముక్క చూసుకోండి. ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస అనుమానం ఉన్న చోట. డాక్టర్ స్టెతస్కోపు లాగే పనిచేస్తుంది. డ్యాష్‌బోర్డు కింద, డోర్ లోపల, సీటు పట్టాల దగ్గర అంగుళం తేడా కూడా తెలుస్తుంది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు మాత్రం బెల్టు, ఫ్యాన్ దగ్గరికి పైపు పోనీయకండి. మెడలో తువ్వాల, చున్నీ ఉంటే తీసి పక్కన పెట్టి బానెట్ ఎత్తండి.

ఇక అసలు పరీక్ష. ఇక్కడే అనుకున్న చోట కొంచెం నీళ్లు చిలకరించండి. రబ్బరు బుష్ అయితే తడి ఉన్నంత సేపు కిర్రు ఆగుతుంది. ఆగిందంటే దొరికినట్టే. నీళ్లు రబ్బరును పాడు చేయవు, పైసా ఖర్చు లేదు. లోపలి ప్లాస్టిక్ అయితే అరచేత్తో గట్టిగా ఒత్తి పట్టండి. ఆగితే అదే. సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఒక్కసారికి ఒక్కటే చేయండి. ఒకే రోజు నాలుగు చోట్ల గ్రీజు పెడితే ఏది తగ్గించిందో రేపు తెలియదు.

ఇది వాస్తవంలో ఎట్లా పనిచేస్తుందో ఒక బండి ముచ్చట చెప్తా. మా వాడకట్టులో ఒక అన్న ఉన్నాడు. తొమ్మిదేండ్ల కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నడు. కిరాయికి నడుపుతడు. ఎక్కువగా దవాఖాన కిరాయిలే. కాన్పుకు పోయే ఆడబిడ్డలు, పరీక్షలకు పోయే ముసలోళ్లు, రాయపర్తి, వర్ధన్నపేట మీదుగా వరంగల్. వెనక ఎడమవైపు నుంచి కిర్రు కిర్రు అని ఒకటే చప్పుడు. ఒక ముసలమ్మ అడిగిందట, "బిడ్డా, ఈ బండి దారిలో ఇరుగుతదా?" అని. ఆ మాట ఊళ్లో తిరిగింది. కిరాయిలు తగ్గినయి. పట్నంలో ఒక షాపుల చూపిస్తే వెనక షాకబ్జర్లు రెండూ మార్చిండ్రు. రెండోసారి పోతే బుష్‌లు మార్చిండ్రు. మొత్తం 14,000 అయింది. చప్పుడు అట్లనే ఉంది. అన్న నా దగ్గరికి వచ్చి, "తమ్మీ, అమ్మేస్త ఇగ. ఎవరన్న ఉంటే చూడు" అన్నడు.

"అమ్ముడు తర్వాత అన్నా, ముందు ఒక రౌండ్ పోదాం పా" అన్న. "ఎప్పుడొస్తది?" అని అడిగితే, "ఎప్పుడూ వస్తది తమ్మీ" అన్నడు. అందరూ అట్లనే అంటారు. కాగితం మీద రాసుకుంటూ పోయినం. తేలింది ఏందంటే, హైవే మీద రావడం లేదు. ఊళ్లోకి వచ్చే ఎగుడుదిగుడు రోడ్డు మీద, ఒక చక్రం ఎక్కి ఇంకోటి దిగినప్పుడే వస్తుంది. అంటే బండి బాడీ కొంచెం మెలి తిరిగినప్పుడు. నేను వెనక సీట్లో కూర్చుని ఎడమ డోర్‌ను భుజంతో బయటికి నెట్టి పట్టిన. చప్పుడు ఆగింది. వదిలిన, మళ్లీ వచ్చింది. షాకబ్జర్ కాదు, బుష్ కాదు. డోర్.

ఇంటికొచ్చి చూస్తే డోర్ చుట్టూ ఉండే రబ్బరు మీద ఎర్రమట్టి దుమ్ము గట్టిపడి గరుకు కాగితంలాగా అయింది. డోర్ లాక్ పట్టుకునే కొక్కెం కూడా పొడిగా, మెరుగు పోయి ఉంది. రబ్బరును సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, పల్చగా సిలికాన్ గ్రీజు రాసినం. కొక్కెం తుడిచి దానికి కొంచెం గ్రీజు పెట్టినం. మళ్లీ అదే దారి. చప్పుడు లేదు. అన్న మొఖం వెలిగింది.

ఇక్కడితో అయిపోతే నేను ఈ ముచ్చట చెప్పకపోదును. బండి నిశ్శబ్దమయ్యాక, వాడకట్టు మూల మలుపు దగ్గర బ్రేక్ వేస్తూ తిప్పినప్పుడు ముందు కుడివైపు చిన్నగా 'కటుక్' మంది. ఒక్కసారే. "గది ఎన్నడు లేదు తమ్మీ" అన్నడు అన్న. ఉంది. వెనక కిర్రు మోతలో అది వినపడలేదు, అంతే.

బండిని గట్టి నేల మీద జాకీతో ఎత్తి, కింద స్టాండ్ పెట్టి, చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి, గడియారంలో 12, 6 ఉన్న చోట పట్టుకుని ఊపినం. ఆడుతుంది. ఇంకొకరిని బ్రేక్ తొక్కమన్నం. బ్రేక్ తొక్కితే ఆట ఆగిపోతే వీల్ బేరింగ్ అని లెక్క. తొక్కినా ఆడుతుంటే బాల్ జాయింట్. తొక్కినా ఆడింది. టార్చి వేసి చూస్తే బాల్ జాయింట్ మీది రబ్బరు టోపీ చినిగి ఉంది. లోపల గ్రీజు పోయి బురద నిండింది. ఆ బండిలో రేపు పొద్దున ఒక నిండు గర్భిణిని వరంగల్ తీసుకపోవాలె. ఆ కిరాయి వేరే బండికి ఇప్పించి, బాల్ జాయింట్ మార్చి, వీల్ అలైన్‌మెంట్ చేయించినంకనే అన్న బండి మళ్లీ రోడ్డెక్కింది. అమ్మలేదు, ఇప్పటికీ నడుపుతున్నడు.

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. చిన్న చప్పుడును చిన్నదని వదిలేస్తే, దాని చాటున పెద్ద చప్పుడు దాక్కుంటుంది. నిశ్శబ్దమైన బండి షోకు కోసం కాదు. నిశ్శబ్దంగా ఉంటేనే కొత్త చప్పుడు వచ్చిన రోజే మనకు తెలుస్తుంది. పాటల సౌండ్ పెంచి చప్పుడును మరిచిపోయే అలవాటు ఉంటే దయచేసి మానుకోండి. వారానికి ఒకసారి పాటలు ఆపి, అద్దాలు దించి, ఒక గోడ పక్క నుంచి మెల్లగా పోండి. గోడకు తగిలి చక్రాల చప్పుడు మీ చెవికి తిరిగి వస్తుంది.

ఇప్పుడు తరచుగా వచ్చే చప్పుళ్లు, వాటి మందులు గబగబా చూద్దాం.

పొద్దున స్టార్ట్ చేయగానే బానెట్ కింద కీచుమని అరవడం. ఇది ఎక్కువగా బెల్టు. బెల్టు గాళ్లున్న వైపు నీళ్లు కొంచెం చల్లి చూడండి, చెయ్యి దూరంగా పెట్టి. చప్పుడు కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒక వరుసలో లేవని అనుమానం. నీళ్లు పడగానే ఇంకా గట్టిగా అరిస్తే బెల్టు వదులై జారుతుంది. బెల్టుకు సబ్బు, మైనం, గ్రీజు పెట్టొద్దు. పగుళ్లుంటే మార్చండి.

వాన పడ్డ మర్నాడు మొదటి రెండు మూడు బ్రేకులకు గరగర. డిస్క్ మీద రాత్రికి రాత్రి పట్టిన పల్చటి తుప్పు అది, ప్యాడ్ తుడిచేస్తుంది, భయం లేదు. కానీ రోజంతా నడుస్తున్నప్పుడు సన్నగా కీచుమంటూ, బ్రేక్ తొక్కితే మారుతుంటే ప్యాడ్ చూడండి. చాలా ప్యాడ్లకు చిన్న ఇనుప నాలుక ఉంటుంది. మందు రెండు మూడు మిల్లీమీటర్లకు వచ్చినప్పుడు ఆ నాలుక డిస్క్‌కు తగిలి కీచుమంటుంది. అంటే అది చెడిపోయిన చప్పుడు కాదు, పిలిచే చప్పుడు. అన్ని ప్యాడ్లకూ ఆ నాలుక ఉండదు, అందుకే చప్పుడు లేదని చూడకుండా ఉండొద్దు.

కంకర రోడ్డు మీద పోయి వచ్చాక ఉన్నట్టుండి ఘోరంగా రేకు గీసిన చప్పుడు. డిస్క్‌కూ వెనక రేకుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కుంటుంది. చక్రం తీసి ఆ రాయి తీస్తే అయిపోతుంది.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఎక్సలేటర్ ఇస్తే టక్‌టక్‌టక్. ముందు యాక్సిల్ జాయింట్. రబ్బరు బూటు చినిగి చుట్టూ గ్రీజు చిమ్మి ఉంటుంది. బూటు చినిగిన కొత్తలోనే పట్టుకుంటే బూటు, గ్రీజుతో పోతుంది. టకటక మొదలయ్యాక జాయింటే మార్చాలి.

జీపులు, పికప్ బండ్లలో వెనక కమాన్ పట్టీల కిర్రు. పట్టీ మీద పట్టీ ఒరుసుకుంటుంది. మధ్యలో మట్టి కడగాలి, పట్టీల కొసల్లో ఉండే ప్యాడ్లు అరిగితే మార్చాలి, గ్రీజు నిపిల్ ఉంటే గన్‌తో గ్రీజు కొట్టాలి. అదే బండ్లలో కింద పొడుగు షాఫ్ట్ క్రాస్ ఎండిపోతే పిట్ట అరిచినట్టు కిచకిచ, స్పీడ్‌తో వేగం పెరుగుతుంది. దాన్ని వదలొద్దు.

ఒక్క రేజ్ దగ్గరే 'జిర్ర్' మని మోగే చప్పుడు. సైలెన్సర్ మీద వేడి ఆపే రేకు ఉంటుంది, దాని బోల్టు తుప్పు పట్టి వదులవుతుంది. బండి చల్లారాక స్టీల్ క్లిప్పుతో బిగించొచ్చు. రేకు తీసి పారేయొద్దు. ఎండిన గడ్డి మీద బండి ఆపినప్పుడు ఆ రేకే కాపాడుతుంది.

ఇక కందెన గురించి జాగ్రత్త. సర్వీసింగ్ పాయింట్‌లో కింద డీజిల్, పాత ఇంజన్ ఆయిల్ కొట్టించే అలవాటు చాలా మందికి ఉంది. నాలుగు రోజులు చప్పుడు ఆగుతుంది. కానీ మామూలు రబ్బరు ఆ నూనెను పీల్చి ఉబ్బి మెత్తబడుతుంది, తర్వాత చినుగుతుంది. నూనెకు దుమ్ము అంటుకుంటుంది. బ్రేక్ మీద పడితే బ్రేకే పట్టదు. రబ్బరుకు సిలికాన్ గ్రీజు మాత్రమే వాడండి. డబ్ల్యూడీ-40 సంగతి కూడా చెప్పాలి. అది 1953లో అమెరికాలో నీటిని తొలగించి తుప్పు ఆపడానికి చేసిన ద్రవం. పట్టేసిన నట్టుకు బాగా పనిచేస్తుంది. గ్రీజు చోట అది నిలవదు, ఆవిరైపోతుంది. డోర్ బందులకు అది కొట్టి మురికి తుడిచి, ఆ తర్వాత గ్రీజు పెట్టండి. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్‌లకు గ్రీజు కాదు, మధ్యలో మెత్తటి బట్ట టేపు పెట్టాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న చోట, దాని వైర్ల దగ్గర మాత్రం ఏమీ విప్పొద్దు.

ఎలక్ట్రిక్ కారు కొన్న ఒక తమ్ముడు అడిగిండు, "అన్నా, కొత్త బండే, పాత బండి కంటే ఎక్కువ చప్పుళ్లు వస్తున్నయ్" అని. ఎక్కువ రావడం లేదు తమ్మీ, ఎక్కువ వినపడుతున్నాయి. ఇంజన్ మోత లేకపోయేసరికి ప్లాస్టిక్ ముక్క కదిలినా చెవిలో పడుతుంది. అందుకే కంపెనీలు ఇప్పుడు బండిని నాలుగు చక్రాల కింద ఊపే యంత్రాల మీద పెట్టి, గంటల తరబడి ఊపి, కిర్రు ఎక్కడుందో వెతుకుతాయి. వాళ్లు కోట్ల యంత్రంతో చేసే పని, మనం కాగితం, డ్రిప్ పైపు, సుద్దముక్కతో చేస్తున్నాం.

మెకానిక్ దగ్గరికి పోయినప్పుడు మూడు మాటలు గుర్తుంచుకోండి. ఫలానా పార్ట్ మార్చు అని మీరు చెప్పొద్దు, చప్పుడు ఎప్పుడు, ఎక్కడ అని కాగితం చూపించండి. చప్పుడు వచ్చే దారిలో అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని పోండి. మార్చే ముందు "ఆట చూపించన్నా" అని అడగండి, మార్చాక పాత పార్ట్ చేతికి తీసుకుని చూడండి. మంచి మెకానిక్ ఇట్లా అడిగితే కోపం తెచ్చుకోడు, అతనికీ పని తేలికవుతుంది. ఇంకోటి, బండి కిందికి పోవాల్సి వస్తే ఒక్క జాకీ మీద నమ్మకం పెట్టి ఎప్పుడూ దూరొద్దు. ఇటుకలు, రాళ్లు కాదు, స్టాండే పెట్టాలి. స్టాండ్ లేకపోతే ఆ పని షెడ్డుకు వదిలేయండి.

సరే మరి. ఈ ఆదివారం మీ బండి ఖాళీ చేసి, ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, పాటలు ఆపి ఒక రౌండ్ పోయి రండి. ఏ చప్పుడు, ఎప్పుడు, ఏం చేస్తే ఆగుతుంది, ఈ మూడూ రాసి కామెంట్‌లో పెట్టండి. బండి ఎన్నేండ్లదో కూడా రాయండి. ఎక్కువ మందికి వచ్చిన చప్పుడును తీసుకుని, వచ్చే ఎపిసోడ్‌లో ఒక బండి మీద విప్పి చూపిస్తాను. అప్పటి దాకా జాగ్రత్తగా నడపండి. ఉంటానండి, నమస్తే.